మెలకువగా ఉన్న ఏళ్లే లెక్క

వశిష్ఠ నౌక, మూడో లంక, ముద్రల గది. ప్రయాణం నూట పన్నెండో ఏడు. రాస్తున్నది పేర్రాజు.

41వ రోజు

ఈ దినచర్య మనిషి చేత్తోనే రాయాలని సభవారి ఆజ్ఞ. మా గదిలో గుమస్తా అనే యంత్రం ఉంది. దాని రాత నా రాత కంటే గుండ్రంగా ఉంటుంది. అయినా యంత్రానికి కోపం రాదట, కోపం రానివాళ్లు రాసింది ఎవరూ చదవరట. ఆ లెక్కన నా పుస్తకం నౌకంతా చదవాలి.

నౌకలో ఒక్కో భాగాన్నీ మేం లంక అంటాం. ఈ మూడో లంకలో నా పని చిన్నదే. ఇక్కడ పిల్లల దగ్గర మసలాలంటే, పాఠం చెప్పాలన్నా, అన్నం వడ్డించాలన్నా, ముంజేతి మీద నీలం రంగు బాలరక్షణ ముద్ర ఉండాలి. గత ఇరవై ఏళ్లలో ఆ మనిషి మీద ఏ పిల్లా, ఏ పిల్లవాడూ ఫిర్యాదు చేసి ఉండకూడదు. గుమస్తా వెతికి చెబుతుంది, నేను ముద్ర వేస్తాను. అది ఏ ముద్ర అడిగినా "ఆయ్, అలాగేనండి" అంటుంది. దాన్ని తయారుచేసిన వాళ్లు కోనసీమ వాళ్లు.

ఈ నెల ఊపిరాడటం లేదు. ఇరవయ్యో రోజున పద్దెనిమిది మంది నిద్ర లేచారు. నౌకలో పండే తిండి అందరికీ ఒకేసారి చాలదు కాబట్టి మేం వంతులవారీగా నిద్రపెట్టెల్లో పడుకుంటాం. ఒక వంతు పద్నాలుగేళ్లు. పెట్టెలో వయసు పెరగదు. లేచినవాళ్లందరికీ పని కావాలి, అది కూడా బాలవాడలోనే కావాలి. అక్కడ మధ్యాహ్నం పాయసం పెడతారు మరి.

లేచినవాళ్లలో మా అమ్మ మాణిక్యాంబ ఉంది. పడుకునేటప్పుడు అమ్మకి యాభై, నాకు ఇరవై ఎనిమిది. ఇప్పుడు నాకు నలభై రెండు, అమ్మకి యాభయ్యే. పెట్టెలోంచి లేస్తూనే నా నెత్తి చూసి, "ఏరా, నేనిలా కళ్లు మూశానో లేదో జుట్టంతా పోగొట్టుకున్నావా?" అంది. తను పడుకున్నాక పుట్టిన మనవరాలు ఇందుని, ఆరేళ్ల పిల్లని, మొదటిసారి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చింది, నవ్వింది. ఇవాళ బాలవాడలో కథలు చెప్పే పనికి దరఖాస్తు పట్టుకొచ్చింది. తనిఖీ చేయాలన్నాను.

"ఎవడ్రా నన్ను తనిఖీ చేసేది?"

"నేనేనమ్మా."

"నీకు లాలపోసి, బువ్వపెట్టి పెంచినదాన్నిరా నేను."

"ఆయ్, అది కూడా రాసుకున్నానండి," అంది గుమస్తా.

43వ రోజు

చలపతి మాస్టారు వచ్చారు. ముప్ఫై అయిదేళ్ల మనిషి. రెండు వంతులు కలిపి ఇరవై ఎనిమిదేళ్లు ఏకబిగిన పడుకుని, ఇంకొకరికి తిండి మిగిల్చిన త్యాగశీలి అని అందరూ చెప్పుకుంటారు. కోలాటం నేర్పుతారు. నౌక నడిమధ్యన బరువు తెలియని గుండ్రటి గది ఉంది. అందులో కోలాటం ఆడితే కర్రలతో పాటు మనుషులూ గాల్లో తిరుగుతారు. మేలుకొలుపు విందులో ఆయన కాసేపు ఆడి చూపించేసరికి పిల్లలంతా ఆయన వెంటపడ్డారు. మా ఇందు ఆనాటి నుంచి రెండు గరిటెలు పట్టుకుని ఇంట్లో దేన్నీ వాయించకుండా వదలడం లేదు. యాభయ్యో రోజున తరగతి మొదలు.

"ఇరవై ఏళ్లూ మచ్చలేని ప్రవర్తనండి," అంది గుమస్తా. సంతోషంగా ముద్ర వేశాను.

ఆయన వెనకే అమ్మ వచ్చింది. గుమస్తా అమ్మకీ అదే మాట అచ్చువేసి ఇచ్చింది. అమ్మ ఆ కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివి, పడీపడీ నవ్వింది.

"ఇందులో పద్నాలుగేళ్లు పెట్టెలో కట్టెలాగ పడున్నాను కదరా. దానికి కూడా మార్కులేసేశారా? అయితే ఆ పెట్టెకి కూడా ఓ ముద్ర కొట్టు. అదీ ఎవర్నీ ఏమీ అనలేదు."

నేనూ నవ్వాను. తర్వాత నా నవ్వు ఆగిపోయింది. నేను చూసిన ఇరవై ఏళ్లూ చలపతి మాస్టారు పెట్టెలోనే ఉన్నారు. ఆ మనిషి మెలకువగా గడిపిన ఒక్క రోజు కూడా చూడకుండా ముద్ర వేశాను.

చట్టం తీసి చదివాను. ప్రయాణం మూడో ఏట రాశారు. అప్పటికి నిద్రపెట్టెలు వాడకంలోకి రాలేదు. వచ్చాక ఎవరూ చట్టాన్ని మళ్లీ విప్పలేదు. నాకు ముందు ఈ కుర్చీలో అయిదుగురు కూర్చున్నారు. అందరం తెలివైనవాళ్లమే, అందరం నిద్రపోతున్నవాళ్ల మంచితనానికి ముద్రలు వేశాం. నా మీద నాకే ఒళ్లుమండింది.

44వ రోజు

మెలకువగా ఉన్న ఏళ్లు మాత్రమే లెక్కపెట్టమని గుమస్తాకి చెప్పాను. ముప్ఫై ఒక్క మందికి ఇరవై ఏళ్ల లెక్క చాల్లేదు. తనిఖీ కోసం పదిహేను రోజులు ముద్ర నిలిపి ఉంచే అధికారం నాకుంది. ముప్ఫై ఒక్కటీ నిలిపేశాను. వాళ్లలో చలపతి మాస్టారున్నారు, పాయసం వండే ఆవిడ ఉన్నారు, మా అమ్మ ఉంది. మాస్టారు నవ్వుతూ, "చట్టం చట్టమేనండి. కాకపోతే యాభయ్యో రోజుకి తేల్చేయండి, పిల్లలు ఎదురుచూస్తారు," అన్నారు. అమ్మ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. గుమస్తాతో చెప్పిస్తోంది.

మధ్యాహ్నానికి సభ పెద్ద అప్పలనరసమ్మగారు పిలిపించారు. అరవై ఏళ్ల మనిషి, ఆవిడ గొంతు పెంచితే నాలుగో లంకలో కోళ్లు కూడా నోరు మూసుకుంటాయి.

"నలభై రోజుల మర్యాదైనా తీరలేదు. లేచినవాళ్లని అప్పుడే అనుమానిస్తావా, పేర్రాజూ?"

ఆ మర్యాద మా దగ్గర పెద్ద ఆచారం. నిద్ర లేచినవాళ్లకి లోకం కొత్తగా, బెరుకుగా ఉంటుంది. అందుకని నలభై రోజుల దాకా వాళ్ల ముందు పాత గొడవ ఏదీ ఎత్తకూడదు.

"అనుమానం కాదండి. చూడలేదు, చూస్తానంటున్నాను. మా అమ్మనీ ఆపాను."

"అది విన్నాను. బాలవాడలో తొంభై మంది పిల్లలకి నలుగురే మిగిలారు. వాళ్లనెవరు చూస్తారు మరి?"

"ముద్ర ఉన్నవాళ్లు ఎవరైనా చూడొచ్చండి."

"నీకుందిగా?"

నోరు జారానని అప్పుడు తెలిసింది.

45వ రోజు

పన్నెండు మంది పిల్లలు, ముద్రల గది, నేను. తలుపులు రెండూ బార్లా తీసిపెట్టి, తోటపని చేసే ఒకావిడని తోడు కూర్చోబెట్టుకున్నాను, నియమం అది. గంటలోపల గోడలకీ, కుర్చీలకీ, నా బట్టతలకీ ముద్రలు పడ్డాయి. ఈ నౌకలో పిల్లల దగ్గర పనిచేయడానికి నా అంత అర్హత ఉన్నవాడు ఇప్పుడు లేడు.

నాలుగేళ్ల పిల్ల ఒకతి గుమస్తాని పట్టుకుని ప్రతి జవాబుకీ "ఎందుకు?" అని అడిగింది. అది రెండు గంటలు ఓపిగ్గా చెప్పి, చివరికి, "తెలియదండి," అంది. ఆ మాట దాని నోట నేను విననే లేదు ఇన్నాళ్లూ.

48వ రోజు

గుమస్తాకి ఇరవై ఏళ్లు దాటిన సంగతులు గుర్తుండవు. జ్ఞాపకం నిండిపోతుందని తీసేస్తారు. పాత ఫిర్యాదులు మొదటి లంకలో కాగితాల కొట్లో ఉంటాయి. మా దగ్గర ఏ పిల్ల అయినా పసుపు కాగితం మీద సొంత చేత్తో ఫిర్యాదు రాసి పెట్టెలో వేయొచ్చు. పెద్దవాళ్లు దిద్దకూడదు, నవ్వకూడదు, చించకూడదు. మూడు రోజులుగా దుమ్ములో కూర్చుని అవే చదువుతున్నాను. ఒక్కొక్కరి ముద్రా తిరిగి ఇస్తున్నాను.

అమ్మ మీద ఒకటి దొరికింది. "మా అమ్మ రోజూ కాకరకాయ కూర తినమంటోంది. తినకపోతే ఆటకి పంపదు. నాకు న్యాయం కావాలి." కింద సంతకం పేర్రాజు, వయసు పది. రాసిన సంగతే నాకు గుర్తులేదు. ఆ వారం ముద్రల గదికి సెలవు కాబోలు, దాన్ని ఎవరూ వినలేదు. వినని ఫిర్యాదు ఉంటే ముద్ర ఇవ్వకూడదు.

తనకి నలభై రోజుల మర్యాద అక్కర్లేదని అమ్మే గుమస్తాతో చెప్పించింది కాబట్టి ఇవాళే విచారణ జరిగింది. ఫిర్యాదు చేసిన పిల్లవాడికి తోడుగా ఒకరు కూర్చోవాలి. మా ఇందు కూర్చుని నా చేయి పట్టుకుంది. ముగ్గురు సభ్యులు నవ్వాపుకోలేక కళ్లు తుడుచుకున్నారు.

"నిజమేనండి, పెట్టాను," అంది అమ్మ. "వాడి కడుపులో నులిపురుగులండి. ఇంకేం పెట్టమంటారు?"

తీర్పు ఏమంటే, ఇకముందు పేర్రాజుకి అతని ఇష్టం లేకుండా కాకరకాయ పెట్టరాదు. అమ్మ చేతి మీద నేనే ముద్ర వేశాను. బయటికొచ్చాక ఆమె నా వీపు మీద ఒక్కటి చరిచి, "పదేళ్లకే నా మీద కాగితం రాశావా? మంచి పనే చేశావులే. రాయగలిగే చోట పెరిగావు," అంది.

49వ రోజు

అడుగున ఉన్న కట్టలో ఒక కాగితం. రాత పెద్దపెద్ద అక్షరాలు.

"కోలాటం నేర్పే చలపతి మాస్టారు అందరూ వెళ్లాక నన్ను ఒక్కదాన్నే ఉంచుతున్నారు. నాకు ఇష్టం లేని పని చేస్తున్నారు. వద్దని చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నారు. అందుకే రాస్తున్నాను. హైమావతి, 9 ఏళ్లు."

కింద పెద్దవాళ్ల రాతలో ఒక వాక్యం. "సదరు వ్యక్తి స్వచ్ఛందంగా నిద్రకు వెళ్లినందున విచారణ వాయిదా. లేచాక చూడవలెను." సంతకం గుర్తుపట్టాను. అప్పట్లో ఈ గదిలో పనిచేసింది అప్పలనరసమ్మగారే. తేదీలు చూశాను. కాగితం పెట్టెలో పడిన నాలుగో రోజున చలపతి నిద్రకి వెళ్లాడు. అది ఆయన వంతు కాదు. రెండు వంతులు కావాలని తనే అడిగి మరీ పుచ్చుకున్నాడు.

నేను ఆయనకి ముద్ర వేశాను. ఆయన చేయి పట్టుకుని మరీ వేశాను. మా ఇందు రేపు ఆ తరగతికి వెళ్లాల్సింది.

50వ రోజు

కోలాటం తరగతి మొదలు కాలేదు. పిల్లలు నన్ను చూసి మూతులు ముడుచుకున్నారు.

హైమావతి ఎవరో నాకు తెలుసు, నౌకలో అందరికీ తెలుసు. నీటి గొట్టాల మేస్త్రీ ఆవిడ. ముప్ఫై ఏడేళ్లు. తన నిద్ర వంతు మూడుసార్లు వాయిదా వేయించుకుందని, పెట్టె అంటే భయమని అంతా ఆటపట్టిస్తారు. నేనూ పట్టించినవాణ్నే. రెండో లంకలో గొట్టం బిగిస్తుంటే వెళ్లి, కాగితం ఆవిడ చేతిలో పెట్టాను. చదివి, మడిచి, పక్కన పెట్టి, చేతిలో పానా దించకుండా బిగించడం పూర్తిచేసింది.

"దొరికిందన్నమాట," అంది. "చించేసుంటారనుకున్నానండి."

"మీరు వాయిదాలు వేయించుకున్నది దీనికోసమేనా?"

"మరి ఆయన లేచే వేళకి నేను పడుకుని ఉంటే ఎవరు చెప్తారండి? మా అమ్మకి తెలుసు, అమ్మ పెట్టెలో ఉంది. ఇంక నేనొక్కదాన్నే."

"ఆయన లేచి నెల అయింది కదండి. నా గదికి రావాల్సింది."

"నలభై రోజుల మర్యాద ఉందిగా. ఎత్తితే నన్నే నోరు ముయ్యమంటారు. అరవయ్యో రోజు పొద్దున్నకి మర్యాద తీరుతుంది. అదే రోజు మధ్యాహ్నం నా వంతు. ఇంక వాయిదాల్లేవు. ఆ మధ్యన ఉన్న కాసిని గంటల్లో వచ్చి చెబుదామనుకున్నాను."

"ఈలోగా తరగతులు జరిగుంటే?"

"ఆ గదికి నీళ్లగొట్టం కారుతుందని రాసిపెట్టానండి. రోజూ తరగతి అయ్యేదాకా బాగుచేస్తూనే ఉండేదాన్ని."

ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ మనిషి ఒక్కతే కాపలా కాసింది. ముద్రల గది అని బోర్డు పెట్టుకున్న మేము పాయసం వంతులు చూసుకున్నాం. సిగ్గేసింది. ఆ మాట ఆవిడతోనే అన్నాను.

"సిగ్గు తర్వాత పడుదురుగానీ," అంది, "ముందు నన్ను పడుకోబెట్టే లోపల వినిపించండి."

55వ రోజు

విచారణ పెట్టమని సభకి రాశాను. మర్యాద తీరాక చూద్దామని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను, అదే జవాబు మళ్లీ వచ్చింది. అప్పలనరసమ్మగారు నాకు కనబడకుండా తిరుగుతున్నారు.

ఇవాళ పొద్దున నిద్రగది నుంచి జాబితా వచ్చింది. ముద్ర ఉన్నవాళ్లు ఎవరు నిద్రకి వెళుతున్నా నాకు తెలపాలి. అందులో చలపతి పేరుంది. ఒంట్లో బాగోలేదు, మరో రెండు వంతులు పడుకుంటాను అని రాసుకున్నాడు. ఎల్లుండికి పెట్టె ఖాయమైంది. స్వచ్ఛందంగా పడుకునేవాళ్లని ఆపే నియమం ఏదీ లేదు. తిండి మిగులుతుందని దండ వేసి మరీ పంపుతారు.

రెండు కాగితాలూ పట్టుకుని సభ నడుస్తుండగా లోపలికి వెళ్లిపోయాను. నాకు పిలుపు లేదు. కాపలా అతను ఆపబోతే నా వెంట వచ్చిన మా అమ్మ అతనికి అడ్డంగా నడిచింది. అప్పలనరసమ్మగారి ముందు పసుపు కాగితం ఒకవైపు, నిద్ర దరఖాస్తు మరోవైపు పెట్టాను.

"ఈయన అప్పుడూ ఇలాగే వెళ్లాడండి. ఇప్పుడూ వెళుతున్నాడు. అరవయ్యో రోజున ఆవిడ కూడా పడుకుంటుంది. ఆయన మళ్లీ లేచేసరికి ఈ కాగితాన్ని చదివేవాళ్లు ఎవరుంటారు?"

ఆవిడ కాగితాన్ని పైకి చదివారు. కింద తన సంతకం దాకా చదివారు.

"ఇది నా సంతకమే," అన్నారు. "నాకప్పుడు ముప్ఫై రెండేళ్లు. ఆయన పడుకున్నాడు కదా, ఈ పిల్లకి ఇంక భయం లేదు కదా అనుకున్నాను. లేచేనాటికి ఇంకో పిల్ల ఉంటుందని నాకు తోచలేదు. తప్పు నాది. పేర్రాజు రాసిన కాగితాలు రెండు చూసి కూడా మళ్లీ భయపడ్డాను. అదీ నాదే."

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మర్యాద పెద్దవాళ్ల కోసం పెట్టుకున్నాం. పిల్లల తర్వాతే అది. రేపు పొద్దున్నే విచారణ. అది అయ్యేదాకా ఆయనకి పెట్టె లేదు. వినడానికి వేరే ముగ్గుర్ని కూర్చోబెట్టండి. నేను కూర్చోకూడదు."

56వ రోజు

ఫిర్యాదు తొమ్మిదేళ్ల పిల్ల పేరు మీద ఉంది కాబట్టి గుమస్తా తొమ్మిదేళ్ల పిల్లకి చేసే ఏర్పాట్లే చేసింది. చిన్న కుర్చీ వేసింది. ఎదుటి మనిషి కనబడకుండా అడ్డంగా తెర కట్టించింది. పళ్లెంలో రెండు బెల్లపుండలు పెట్టింది. "భయపడకు పాపా. నీకు తోడు ఎవరమ్మా?" అని అడిగింది.

"నేనున్నాను," అంది మా అమ్మ, పక్కన నేల మీద కూర్చుని.

హైమావతి ఆ చిన్న కుర్చీలోనే, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. బెల్లపుండ ఒకటి తిని, రెండోది మా అమ్మకిచ్చి, తెర తీసేయమంది. తీశారు. చలపతి తల వంచుకుని ఉన్నాడు.

"మాస్టారూ, ఇటు చూడండి. అప్పుడు మీకు ముప్ఫై అయిదు, నాకు తొమ్మిది. ఇప్పుడూ మీకు ముప్ఫై అయిదే. నాకు ముప్ఫై ఏడు. ఇవాళ మనిద్దరిలో నేనే పెద్దదాన్ని. నువ్వు ఎవరికీ చెప్పొద్దన్నావు. అందరికీ చెప్తాను, కూర్చుని విను."

మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఆవిడ చెప్పింది ఇక్కడ రాయను, అది ఆవిడది. చలపతి ముందు గుర్తులేదన్నాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచింది, ఆవిడ పక్క నుంచి ఇంకొకావిడ. ఇద్దరూ నలభై ఏళ్లవాళ్లు, ఇద్దరూ చిన్నప్పుడు కోలాటం నేర్చుకున్నవాళ్లే. ఆ తర్వాత ఆయన గుర్తొచ్చిందన్నాడు.

58వ రోజు

తీర్పు వచ్చింది. చలపతికి జన్మలో ముద్ర లేదు. పిల్లలు అడుగుపెట్టని ఆరో లంకలో, కాపలా మధ్యన, మెలకువగా శిక్ష అనుభవించాలి. పెట్టె అడిగే హక్కు పోయింది.

చట్టంలో మూడు మాటలు చేరాయి. మెలకువగా ఉన్న ఏళ్లే లెక్క. పిల్లల ఫిర్యాదుకి గడువు లేదు. వినని ఫిర్యాదు ఉన్న మనిషికి నిద్రపెట్టె లేదు. మొదటి ప్రతి మీద అప్పలనరసమ్మగారు సంతకం చేసి, ఆ వెంటనే సభ పెద్ద పదవి వదులుకుంటున్నానని రెండో కాగితం మీద చేశారు.

మిగిలిన ముప్ఫై ముద్రలూ తిరిగి ఇవ్వడం పూర్తయింది. పాయసం మళ్లీ మొదలైంది. కోలాటం మా అమ్మ నేర్పుతోంది. ఆమెకి కోలాటం రాదు, పిల్లలకీ రాదు. గుండ్రటి గదిలో ఒకళ్ల కర్రలు ఇంకొకళ్ల కాళ్లకి తగిలి అందరూ గాల్లో గింగిరాలు తిరుగుతున్నారు. తలుపులు రెండూ తీసే ఉంటాయి. ఆ గోలకి ముద్రల గదిలో పని సాగడం లేదని నేను ఫిర్యాదు రాశాను. గుమస్తా తీసుకోలేదు, నా వయసు ఎక్కువైందట.

60వ రోజు

మధ్యాహ్నం హైమావతిని పంపడానికి నిద్రగదికి వెళ్లాం. అమ్మ, ఇందు, నేను. వరసగా ఉన్న పెట్టెల్లో ఆవిడ తల్లి పెట్టె పక్కదే ఖాళీగా ఉంచారు. ఇందు వెంట తెచ్చిన కోలాటం కర్రలు చూపించి, వారంలో తను నేర్చుకున్నదంతా ఆడి చూపించింది. అది కోలాటంలా లేదు. హైమావతి చాలా బాగుందంది.

"నేను లేచేసరికి నీకు ఇరవై ఏళ్లొస్తాయి. అప్పుడు నాకు నేర్పుతావా?"

"ముద్ర ఉంటేనే నేర్పుతాను," అంది ఇందు.

పెట్టెలో పడుకోవడానికి చాలామందికి ధైర్యం చాలదు. మందు ఇచ్చి, నెమ్మదిగా మాటల్లో పెట్టి, కళ్లు మూతపడేదాకా కూర్చోవాలి. ఒక్కోసారి గంట పడుతుంది. హైమావతి చెప్పులు విడిచి, పానాల సంచి నా చేతికిచ్చి, పెట్టెలో వాలి దుప్పటి సర్దుకుంది. నిద్రగది అమ్మాయి మందు కలిపి తీసుకొచ్చి చూస్తే ఆవిడ అప్పటికే నిద్రపోయింది.